కేసముద్రం మీది ఒంటి తీగె

కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గములో నెక్కొండకును మహబూబాబాదుకును నడుమ కేసముద్రం స్టేషను ఉన్నది. ఆ ప్లాట్‌ఫారము మీద నిలుచుండి తలయెత్తి చూచిన విద్యార్థికి ఒక సందేహము కలుగవలెను. ఇంటిలో దీపము వెలుగవలెనన్న రెండు తీగెలు కావలెను. బడిలో ఘటమునకు బల్బు తగిలించినప్పుడును రెండు తీగెలే. వేల టన్నుల బరువును లాగు ఇంజను మాత్రము పైనున్న తీగె నొక్కదానినే తాకుచు పోవుచున్నది. (మోయు తీగె, తాకు తీగె అని పైన రెండు వరుసలు కనిపించినను విద్యుత్తుకు అవి ఒక్కటే.) మరి రెండవ తీగె ఏది?

అది మన కాళ్ళ దగ్గరనే ఉన్నది. సబ్‌స్టేషను నుండి బయలుదేరిన విద్యుత్తు పైతీగె వెంట వచ్చి, పాంటోగ్రాఫు ద్వారా ఇంజనులో దిగి, పని ముగించుకొని, చక్రముల గుండా పట్టాలలోనికి పోయి, తిరిగి సబ్‌స్టేషను చేరును. వలయము పూర్తి కానిదే ప్రవాహము లేదను మొదటి పాఠము ఇక్కడ కిలోమీటర్ల పొడవున పరచబడి యున్నది.

ఈ మార్గము పాతది. నిజాం ప్రభుత్వపు హామీతో నిర్మించిన రైల్వే 1889లో బెజవాడను చేరినది. ఆ పిమ్మట దాదాపు నూరేండ్లు ఆవిరి ఇంజనులు, వాటి వెనుక డీజిలు ఇంజనులు ఈ దారిని నడచినవి. డోర్నకల్లు-కాజీపేట భాగమునకు విద్యుత్తు 1987-88లో వచ్చినది. వచ్చినది 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తు, అనగా ఏ.సి. అది సెకనుకు 50 ఆవృత్తులు చేయును. ఒక్కొక్క ఆవృత్తిలో రెండుమార్లు దిశ మార్చుకొనును. ఘటమునుండి వచ్చునది ఏకముఖ విద్యుత్తు, అనగా డి.సి.; దాని దిశ మారదు. ఈ రెండింటిలో రైలుకు ఏది తగినదను వాదము చాల కాలము నడచినది.

మన దేశమున మొదటి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో విక్టోరియా టెర్మినస్ నుండి కుర్లాకు నడచినది. దానికి వాడినది 1,500 వోల్టుల డి.సి. 1931లో మద్రాసు బీచి-తాంబరం మార్గమునకును అదే ఎన్నుకొనిరి. ఇది తెలివితక్కువ ఎన్నిక కాదు. బండి కదలుటకే ఎక్కువ బలము కావలెను. ఆ బలమును డి.సి. సిరీస్ మోటారు చక్కగా ఇచ్చును. దాని వేగమును అదుపు చేయుటయు సులభము. ఏ.సి.ని ఇంజనులోనే డి.సి.గా మార్చు సాధనములు అప్పటికి ఆ పనికి తగినంత ఎదిగియుండలేదు.

చిక్కు తీగెలో వచ్చినది. నల్లబల్ల మీద లెక్క వేసి చూతము. ఒక ఇంజనుకు 3,000 కిలోవాట్లు కావలెననుకొందము. 1,500 వోల్టుల వద్ద 2,000 ఆంపియర్లు ప్రవహించవలెను. 25,000 వోల్టుల వద్ద 120 ఆంపియర్లు చాలును. దారిలోని నిరోధము 0.1 ఓము అయినచో, మొదటి పద్ధతిలో 200 వోల్టులు దారిలోనే తగ్గిపోవును. 400 కిలోవాట్లు వేడిగా మారిపోవును. రెండవ పద్ధతిలో తగ్గునది 12 వోల్టులు. నష్టము ఒకటిన్నర కిలోవాట్టు కూడ కాదు. ప్రవాహము సుమారు 17వ వంతుకు దిగగా నష్టము సుమారు 278వ వంతుకు దిగినది. ఏలనన, నష్టము ప్రవాహపు వర్గమును అనుసరించును. ఏ.సి. తీగెలో నిరోధముతోపాటు ప్రేరకత్వపు అడ్డంకియు ఉండును గాన నిజమైన లెక్క కొంత మారును, సారము మారదు. అందుచేతనే డి.సి. మార్గమునకు లావుపాటి రాగితీగెలు, దగ్గర దగ్గరగా సబ్‌స్టేషనులు కావలసివచ్చినవి.

అట్లయిన డి.సి.నే 25,000 వోల్టులకు ఎందుకు పెంచలేదు? ఇంజనులోని మోటారు అంత వోల్టేజికి తాళలేదు. దానిని దించు ట్రాన్స్‌ఫార్మరు మారెడి ప్రవాహముతో మాత్రమే పనిచేయును. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రము అట్టిది.

జర్మనీ, స్విట్జర్లాండు దేశములు సెకనుకు పదహారున్నర పైచిలుకు ఆవృత్తుల ప్రత్యేకమైన ఏ.సి.ని తమ రైళ్ళకు వాడుకొనినవి. సాధారణ గ్రిడ్డులోని 50 ఆవృత్తులనే వాడవచ్చునని హంగరీలో కాండో అను ఇంజనీరు 1930ల నాటికే చూపెను. ఫ్రాన్సు 1954లో వాలెన్సియెన్-థియోన్విల్ మార్గమున దానిని 25,000 వోల్టులతో సాధించెను. మూడేండ్లకు, 1957లో, మన రైల్వేలు ఫ్రెంచి రైల్వేల సలహాతో అదే పద్ధతిని స్వీకరించినవి. ఆ తరుణములోనే హౌరా-బర్ద్వాన్ మార్గమున 3,000 వోల్టుల డి.సి. పని సాగుచుండెను. అయినను దారి మార్చుకొనిరి.

ఆ మార్పు విలువ బొంబాయిని చూచిన తెలియును. అక్కడ బండ్లు, సబ్‌స్టేషనులు అన్నియు డి.సి.కి అమరియుండుటచే ఒక్కసారిగా మార్చుటకు వీలుకాలేదు. ఆ నగరపు మార్గములు పూర్తిగా ఏ.సి.కి మారుట 2016లో గాని ముగియలేదు. 1925 నాటి ఎన్నికను దిద్దుకొనుటకు తొంబదియొక్క ఏండ్లు పట్టినవి! కేసముద్రమునకు విద్యుత్తు ఆలస్యముగా వచ్చినను, దిద్దుకొనవలసిన అవసరము లేనిది వచ్చినది.

ఒక విశేషము గమనింపదగినది. తీగెలో ఏ.సి. గెలిచినను ఇంజను లోపల డి.సి. చాలకాలము నిలిచినది. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజి దించగా, రెక్టిఫయరు దానిని డి.సి.గా మార్చి మోటారుకు అందించెడిది. 1990ల మధ్య దిగుమతి అయిన కొత్త ఇంజనులు ఆ డి.సి.ని మరల మూడు ఫేజుల ఏ.సి.గా, కోరిన ఆవృత్తితో మార్చి మోటారులను నడిపినవి. ఒకటి మంచిది, మరొకటి చెడ్డది అనుటకు లేదు. పనిని బట్టి ఎన్నిక.

ఉపాధ్యాయులు ఈ పాఠము చెప్పునపుడు మరియొక మాట తప్పక చెప్పవలెను. 25,000 వోల్టులనునది ప్రభావ విలువ (ఆర్.ఎం.ఎస్.) లెక్క. ప్రతి ఆవృత్తిలోను అది 35,000 వోల్టులు దాటును. అంతటి పీడనమునకు తీగెను తాకనక్కరలేదు, దగ్గరకు పోయిన చాలును, గాలిలోనుండియే మెరుపు దుముకును. రెండు మీటర్ల లోపలికి పోరాదని రైల్వేవారి నియమము. ఆగియున్న గూడ్సు పెట్టె పైకప్పు ఎక్కిన పిల్లవాడు ఆ హద్దు దాటినట్లే. అతని శరీరము పైతీగెకును పట్టాకును నడుమ దారియగును. వలయము పూర్తియగును.