నీడనుండి యెండకు: తాళజాతి మొక్కల కథ

సత్తుపల్లినుండి దమ్మపేట, అశ్వారావుపేటల వైపు పోవువారికి నేడు త్రోవ కిరువైపుల పామాయిల్ తోటలు కనబడును. 1990 దశకమునకు పూర్వము ఈ చెట్టు నెరిగినవారు మన పల్లెలలో మిక్కిలి అరుదు. నేడు అశ్వారావుపేటలోను, దమ్మపేట మండలములోని అప్పారావుపేటలోను దీని గెలలనుండి నూనె తీయు కర్మాగారములు నడచుచున్నవి. రోహిణీకార్తె యెండలో తల వాల్చక నిలిచిన యీ చెట్లను చూచినవారు, ఇవి పసితనమున ఎండకు మాడిపోవు మొక్కలని నమ్మజాలరు. నర్సరీలో పనిచేసినవారికిని, వసారాలోని కుండీమొక్కను వేసవిలో ఒక్కసారిగా వాకిటిలో పెట్టి చూచిన యిల్లాలికిని ఆ సంగతి చక్కగా తెలియును. నీడలో పెరిగిన తాళజాతి మొక్కను ఎండకు తెచ్చుట మానవుడు ఎట్లు నేర్చుకొనెనో నేడు ముచ్చటింతము.

మన తాటిచెట్టు కీ చిక్కు లేదు. టెంక పడినచోటనే మొలచి, ముందుగా భూమిలోనికి తేగను దింపును. పిదప పైకి వచ్చు మొదటి ఆకు ఎండలోనే కన్ను తెరచును గనుక పుట్టుకతోనే ఎండ నోర్చుకొనును. భద్రాచలపు అడవులలో కోయవారు కల్లు గీయు జీలుగచెట్టు త్రోవ వేరు. అది పెద్ద చెట్ల నీడలో మొలచి, ఏటేట ఎదుగుచు మెల్లగా వెలుగును చేరుకొనును. ఈ రెండింటిలో దేనికిని ఒక దినమున నీడనుండి యెండకు దూకవలసిన యక్కర కలుగదు. ఆ దూకుడు మనుష్యుడు మొక్కను కుండీలో పెట్టి మోయుట మొదలిడిన తరువాత వచ్చినది.

పామాయిల్ చెట్టు పుట్టినిల్లు పశ్చిమ ఆఫ్రికా. 1763లో జాకిన్ అను శాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రనామ ముంచెను. ఆ దినములలో ఓడలపై మొక్కలను పంపినచో ఉప్పుగాలికిని ఎండకును పెక్కు చచ్చుచుండెడివి. లండనులోని నథానియేలు వార్డు అను వైద్యుడు 1829 ప్రాంతమున మూతవేసిన సీసాలో ఒక ఫెర్నుమొక్క తనంతట మొలచి బ్రదుకుట చూచి, అద్దపు పెట్టెలను కల్పించెను. 1833లో ఆ పెట్టెలలో మొక్కలు సిడ్నీ రేవునకు ప్రాణములతో చేరెను. కొంతకాలమునకు చైనా తేయాకు మొక్కలును ఇట్టి పెట్టెలలోనే మన దేశమునకు వచ్చెను. అయినను పెట్టె మొక్కను కాపాడుచునే సుకుమారిని గూడ చేయును. తేమగాలికి అలవడిన ఆకు, మూత తీసిన దినమున ఉష్ణదేశపు సూర్యుని కెదురుపడవలసి వచ్చును. ప్రయాణము ముగిసిన తరువాతనే అసలు గండమన్నమాట.

1848లో జావాద్వీపమందలి బోగోరు ఉద్యానమున నాలుగు పామాయిల్ మొక్కలను నాటిరి. వాని సంతతియే సుమత్రాకు పోయెను. అచ్చట 1911లో వర్తకపు తోటలు మొదలయ్యెను. 1917లో మలయాలో అట్టి తోట వెలసెను. మలయా తోటలలో కూలికై పోయిన మన తెలుగువారును పాటుపడిరి. చెట్టు తెలుగుదేశమునకు రాకమునుపే తెలుగుచేతులు దానిని తాకినవని చెప్పవచ్చును.

ఈ చెట్టు విత్తును రైతు తన తోటలో ఏరుకొని నాటుట కాని పని. దళసరి పెంకు జాతిని, పెంకు లేని జాతిని సంకరము చేసినచో పలుచని పెంకును, ఎక్కువ నూనెయు గల కాయ వచ్చునని 1941లో బెల్జియను కాంగోలోని పరిశోధకులు తెలిపిరి. ఆ సంకరపు మొలకలను విత్తనతోటలనుండి తెప్పించి సంచులలో పెంచవలసినదే. తొలుత మూడు నాలుగు నెలలు చిన్న సంచులలో నీడక్రింద ఉంచి, ఆ నీడను మెల్లగా తగ్గించి, పిదప పెద్ద సంచులలోనికి మార్చుదురు. పొలమున నాటునాటికి మొక్కకు ఇంచుమించు ఏడాది వయస్సుండును. ఎకరమునకు 57 మొక్కలు. మొదటి గెలకు మూడు నాలుగేండ్లు. పంట పాతిక ముప్పది యేండ్లు. నర్సరీలో ఒక వారపు తొందరపాటు రైతు నెంతకాలము వెంటాడునో పెద్దలే లెక్కించుకొనగలరు.

ఎండదెబ్బ యనగా నేమి? నీడలో పుట్టిన ఆకు పలుచగా, వెడల్పుగా, దొరికిన కొద్ది వెలుగును పట్టుకొనుటకై తయారైనది. దానిపై ఒక్కసారిగా మధ్యాహ్నపు ఎండ పడినచో, వాడుకొనజాలని వెలుగు ఆ పచ్చదనమునే చంపివేయును. మొదట తెల్లకాగితము వలె పాలిపోయి, పిదప ఎండుగడ్డి రంగునకు తిరుగును. నీరు చాలని ఆకు కొనలనుండి ఎండును. ఎండదెబ్బ తిన్నది సూర్యుని కెదురైన ముఖముననే మచ్చలు పడును. ఈ భేదము నెరుగక కుండీలో నీరు నింపి వేరు కుళ్ళజేయువారు కలరు. మాడిన మచ్చ మరల పచ్చబడదు. తాళజాతికి మొవ్వు ఒక్కటే. వేపవలె ప్రక్కకొమ్మ వేయుట దానికి లేదు. ఆ మొవ్వు చచ్చినచో ఒంటికాండపు మొక్క చచ్చినట్లే.

కడియపు నర్సరీలనుండి లారీలలో వచ్చు అరెకా పామ్ కుండీలు నేడు పల్లెటూరి పెండ్లిపందిళ్ళలో గూడ కనబడుచున్నవి. షేడ్‌నెట్ క్రింద పెరిగిన మొక్కకు ఇంటికి తెచ్చిన వారమువరకు చెట్టునీడయే చాలును. తరువాత ఉదయపు ఎండ గంటసేపు, పిదప రెండు గంటలు, అట్లు నాలుగైదు వారములు పెంచుకొనిపోవలెను. అయినను దినముల లెక్కకంటె ఆకుల లెక్క నమ్మదగినది. బయటి వెలుగులో క్రొత్త ఆకొకటి విచ్చుకొని గట్టిపడినదా, మొక్క మరియొక మెట్టెక్కినట్లు. మన ప్రాంతమున ఫాల్గుణ చైత్రములు ఈ పనికి తగినవి కావు; తొలకరి మబ్బుదినములు మేలు. వేసవిలో తప్పనిసరియైనచో తాటాకు పందిరి వేయుడు. శ్రీరామనవమికి భద్రాచలమున యాత్రికులకు చలువపందిళ్ళు వేయుట మనకు క్రొత్త గాదు గదా! నల్లని పాలిథీను సంచి పడమటి ఎండకు వేడెక్కి వేళ్ళను ఉడికించును గనుక దానిచుట్టు వరిగడ్డి కప్పవలెను.

ఇంతచేసినను ఒకటి రెండాకులు మాడినచో వానిని వెంటనే కోయవలదు. మట్టకు పచ్చదన మున్నంతకాలము అది మొక్కకు కొంత ఆహారమిచ్చుచునే యుండును. దెబ్బతిన్న వేళ ఎరువును వేయరాదు. క్రొత్త ఆకులు రెండు తేరుకొన్న పిదప ఎండినదానిని మొదట కోసివేయవచ్చును.