ఫ్రీనోడ్ నుంచి లిబెరాకు: ఒక ప్రోగ్రామర్ల సమాజం వలస

వలస అనగానే మీకు కరువు, యుద్ధం, పన్నుల భారం గుర్తుకు వస్తాయి. వెనకటి యూనిట్లలో మనం చూసిన వలసలన్నీ అలాంటివే. బండ్లు కట్టుకుని, తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని జనం కదిలారు. ఈ పాఠంలో చదవబోయే వలసలో ఎవరూ గడప దాటలేదు. కూర్చున్న కుర్చీలోంచి లేవలేదు కూడా. అయినా 2021 మే, జూన్ నెలల్లో వేలాది మంది ప్రోగ్రామర్లు దాదాపు ఇరవై ఏళ్లుగా రోజూ కూడుతున్న చోటును వదిలి మరో చోటికి వెళ్లిపోయారు.

నేను కంప్యూటర్ శాస్త్రం చదివినవాణ్ణి కాదు. నా పరిశోధన గ్రామ కైఫీయతుల మీద. కల్నల్ మెకంజీ సేకరింపజేసిన ఆ కైఫీయతుల్లో ఏ ఊరు ఎప్పుడు పాడుబడింది, మళ్లీ ఎవరు కట్టించారు, కరణీకం ఎవరిది, మిరాశీ ఎవరిది అన్న ప్రస్తావనలు అడుగడుగునా ఉంటాయి. అందువల్ల ఈ ఉదంతం చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. పరికరాలే కొత్తవి. తగాదా మాత్రం మనం ఎరిగినదే: పట్టా ఒకరిది, సాగు మరొకరిది అయితే ఊరు ఎవరిది?

ఐ.ఆర్.సి. అంటే ఏమిటి?

ముందు ఆ చోటు ఎలాంటిదో తెలుసుకోవాలి. 1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ అనే యువకుడు ఒక సంభాషణ ప్రోగ్రాం రాశాడు. దాని పేరు ఇంటర్నెట్ రిలే చాట్. పొట్టిగా ఐ.ఆర్.సి. అంటారు. రిలే అంటే ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందించడం. మీరు టైపు చేసిన వాక్యం ముందు మీ దగ్గరి సర్వర్‌కు, అక్కడి నుంచి దానితో కలిసి ఉన్న ఇతర సర్వర్లకు, వాటి నుంచి ఆ సమయంలో అదే గదిలో ఉన్నవాళ్లందరికీ చేరుతుంది. ఈ గదిని చానెల్ అంటారు. దాని పేరు హ్యాష్ గుర్తుతో మొదలవుతుంది. 1991 ఆగస్టులో సోవియట్ యూనియన్‌లో కుట్ర జరిగినప్పుడు అక్కడి వార్తలు ఈ దారినే బయటి ప్రపంచానికి చేరాయి. 1993లో దీని నియమావళి పత్రంగా వెలువడింది.

ఈ ఏర్పాటులో రెండు లక్షణాలను బాగా గుర్తు పెట్టుకోండి. ఒకటి, ఈ నియమావళి ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా సర్వర్ పెట్టవచ్చు, ఎవరైనా దానికి తగిన ప్రోగ్రాం రాసుకోవచ్చు. రెండు, సర్వర్ మాటలను అందిస్తుందే తప్ప దాచిపెట్టదు. మీరు లేనప్పుడు జరిగిన సంభాషణ మీకు దొరకదు, ఎవరైనా తమ కంప్యూటర్లో రాసిపెట్టుకుంటే తప్ప. వలస సులువు కావడానికి మొదటి లక్షణం కారణమైంది. చరిత్రకారుడికి చిక్కు తెచ్చిపెట్టేది రెండోది.

మన భాషకు సంబంధించిన ముచ్చట ఒకటి ఇక్కడే చెప్పాలి. నియమావళి ప్రకారం ఒక సందేశం 512 బైట్లు మించకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. ఇప్పుడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి గానీ గుణింతపు గుర్తుకు గానీ మూడు బైట్లు పడతాయి. ‘తెలుగు’ అనే మూడక్షరాల మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి 18 బైట్లు ఉంటాయి. అదే మాట ఇంగ్లీషు లిపిలో రాస్తే ఆరు బైట్లే. అంటే ఆ గదిలో తెలుగువాడికి దక్కే జాగా మూడో వంతు. ఇది ఎవరూ కావాలని చేసింది కాదు. కట్టినవాళ్లకు మన లిపి గుర్తుకు రాలేదు, అంతే.

ఫ్రీనోడ్ ఎలా పెరిగింది?

1990ల మధ్యలో అమెరికాలో రాబ్ లెవిన్ అనే వ్యక్తి లినక్స్ నేర్చుకునే కొత్తవారికి సాయం చేయడానికి ఒక చానెల్ నడిపేవాడు. అదే పెరిగి ఓపెన్ ప్రాజెక్ట్స్ అనే విడి నెట్‌వర్క్ అయింది. 2002లో ఫ్రీనోడ్ అని పేరు మారింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు, అంటే అందరూ చదవగల, మార్చుకోగల ప్రోగ్రాములు రాసేవాళ్లకు అదే రచ్చబండ. ప్రోగ్రామింగ్ భాషలకు, లినక్స్ పంపిణీలకు, వికీపీడియా వారికి అక్కడ చానెళ్లు ఉండేవి. మంచి రోజుల్లో ఒకే సమయంలో 80 వేల మందికి పైగా అందులో ఉండేవారు. సర్వర్లను దాతలు ఇచ్చేవారు. వాటిని నడిపినవాళ్లు జీతం లేని వాలంటీర్లు.

అప్పుడు కూడా అంతా సాఫీగా ఏమీ లేదు. లెవిన్ నెట్‌వర్క్ మీదే విరాళాలు అడగడం చాలామందికి నచ్చేది కాదు. 2001 చివరలో ఓఎఫ్‌టీసీ అనే మరో నెట్‌వర్క్ వెలిసింది. 2006 జూన్‌లో డెబియన్ అనే పెద్ద లినక్స్ సమాజం తన అధికారిక చిరునామాను ఫ్రీనోడ్ నుంచి ఓఎఫ్‌టీసీకి మార్చుకుంది. ఆ మార్పు ఎలా జరిగిందో చూడండి. డెబియన్ వారు మొదటి నుంచీ తమ సభ్యులకు ఫ్రీనోడ్ చిరునామా ఇవ్వలేదు, తమ సొంత పేరుతో ఒక చిరునామా ఇచ్చారు. వీధి గుమ్మం మీద బోర్డు తమది, ఇల్లు అద్దెది. ఇల్లు మారినప్పుడు బోర్డు తీసి కొత్త గుమ్మానికి తగిలించారు. పదిహేనేళ్ల తరువాత మిగతావారికి ఆ జాగ్రత్త విలువ తెలిసివచ్చింది.

2006 సెప్టెంబరులో లెవిన్ సైకిల్ మీద వెళ్తుండగా కారు ఢీకొని, ఆ గాయాలతో మరణించాడు. వాలంటీర్లు పని కొనసాగించారు. 2017లో ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్ అనే వ్యాపార సంస్థతో ఫ్రీనోడ్‌కు సంబంధం ఏర్పడింది. ఫ్రీనోడ్ లిమిటెడ్ అనే కంపెనీ పుట్టింది. ఆ వ్యాపార సంస్థ స్థాపకుడు ఆండ్రూ లీ. (కొరియా పాత రాజవంశానికి చెందిన యీ సొక్ 2018లో తన వారసుడిగా ప్రకటించింది ఈయననే. చరిత్ర విద్యార్థులు కాబట్టి చెబుతున్నాను, మన కథకు దానితో పని లేదు.)

2021 మే

2021 వసంతంలో వాలంటీర్ల పెద్ద క్రిస్టెల్ డాల్‌స్క్యాయెర్ తప్పుకున్నారు. దాంతో అసలు ప్రశ్న బయటపడింది. ఇరుపక్షాల వాదనలు వినండి. లీ వాదన: కంపెనీ నాది, పేరు, చిరునామా కంపెనీవి, ఇన్నేళ్లూ డబ్బు పెట్టి పోషించింది నేను. వాలంటీర్ల వాదన: ఆ కంపెనీ సమావేశాలు జరుపుకోవడానికి పెట్టుకున్నది, నెట్‌వర్క్ నడకలో దానికి పాత్ర లేదు, అమ్మకపు ఒప్పందం మాకు తెలియదు, సర్వర్లు దాతలవి, శ్రమ మాది. ‘దున్నేవాడిదే భూమి’ అన్న నినాదం మనకు తెలుసు కదా, ఇక్కడి వాలంటీర్లు చెప్పింది ఇంచుమించు అదే. నా మటుకు నేను వారి పక్షానే మొగ్గుతాను. కానీ కాగితం రాసుకున్న రోజున అందులో ఏముందో చూడకపోవడం వారి వైపు పొరపాటేనని కూడా చెప్పాలి.

మే 19న సిబ్బంది దాదాపు మూకుమ్మడిగా రాజీనామా చేసి, ఆ రోజే లిబెరా చాట్ అనే కొత్త నెట్‌వర్క్ ప్రకటించారు. ఈసారి దానిని స్వీడన్‌లో లాభాపేక్ష లేని సంఘంగా నమోదు చేశారు. నడిపేవాళ్లే సభ్యులు. ఒక్కరి చేతిలో అంతా ఉండకూడదన్నది వారి జాగ్రత్త.

ఇప్పుడు ఒక పైథాన్ చానెలో, లినక్స్ చానెలో నడిపే వ్యక్తి స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. మీ ప్రోగ్రాంలో సర్వర్ చిరునామా మార్చడం నిమిషం పని. నియమావళి ఒకటే కాబట్టి కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. అసలు కష్టం వేరే ఉంది. కొత్త చోట మీ మారుపేరును ఎవరైనా ముందే నమోదు చేసుకుంటే? మీ పేరుతో మాట్లాడితే? అందుకని జనం మొదట పరుగెత్తింది మాట్లాడడానికి కాదు, పేరు నమోదు చేసుకోవడానికి. తరువాత చానెల్ పేరు. ఆ ప్రాజెక్టుకు మీరు నిజంగా ప్రతినిధులేనని కొత్త సిబ్బందికి రుజువు చూపాలి. అధికారిక ప్రాజెక్టు చానెల్‌కు ఒక హ్యాష్, ఊరికే ఒక విషయం మీద పెట్టుకున్న చానెల్‌కు రెండు హ్యాష్‌లు అన్న ఫ్రీనోడ్ ఆచారం కూడా వారితోపాటే వచ్చింది. కొత్త ఊరికి పాత ఊరి కట్టుబాట్లు తీసుకెళ్లినట్లే.

అయినా అందరూ వెంటనే కదలలేదు. ఉబుంటు, వికీమీడియా వారు త్వరగానే నిర్ణయించుకున్నారు. మరికొందరు చూద్దాం లెమ్మన్నారు. వారి తటపటాయింపును తీర్చింది పాత యాజమాన్యమే. పాత చానెల్ గుమ్మం మీద ‘మేము లిబెరాకు వెళ్లాం’ అని రాసిపెట్టిన వందలాది చానెళ్లను మే 26 ప్రాంతంలో ఫ్రీనోడ్ స్వాధీనం చేసుకుంది. నిబంధనలు ఉల్లంఘించారన్నది దాని కారణం. గుమ్మం మీది చీటీ చించినంత మాత్రాన జనం తిరిగి వస్తారా? జూన్‌లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, గ్నూ కూడా కదిలాయి. అదే నెల మధ్యలో ఫ్రీనోడ్ కొత్త వ్యవస్థకు మారి, పాత నమోదులన్నింటినీ పక్కన పెట్టింది. ఏళ్ల తరబడి అక్కడ ఉన్న పేర్లు, చానెళ్లు ఒక్క రోజులో లేకుండా పోయాయి. కొద్ది నెలల్లోనే ఐ.ఆర్.సి. నెట్‌వర్క్‌లలో పెద్దదిగా లిబెరా నిలిచింది.

మరో దారి పట్టినవారు

ఇదొక్కటే దారి కాదు. మొజిల్లా సంస్థ తన సొంత ఐ.ఆర్.సి. సర్వర్‌ను 2020 మార్చిలో మూసివేసి మ్యాట్రిక్స్ అనే వేరే విధానానికి మారింది. అక్కడ యాజమాన్యపు తగాదా లేదు. ఐ.ఆర్.సి. కొత్తవారికి అడ్డుగోడగా ఉందని, వేధించేవారిని అదుపు చేయడం కష్టమని వారు కారణం చెప్పారు. మొజిల్లాలో పెరిగిన రస్ట్ భాష వారు అంతకు ముందే డిస్కార్డ్, జూలిప్ వేదికలకు వెళ్లారు. ఈ కొత్త వేదికల్లో నిన్నటి మాటలు ఇవాళ చదువుకోవచ్చు. ఇది చిన్న సౌకర్యం కాదు, పగలు ఉద్యోగం చేసి రాత్రి చదువుకునే మీకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. అయితే డిస్కార్డ్ ఒక కంపెనీది. దాని సర్వర్‌ను మీరు మీ ఊళ్లో పెట్టుకోలేరు, చిరునామా మార్చి మరో చోటికి పోలేరు.

రెండు ఊళ్ల మధ్య వంతెనలు కూడా కట్టారు. మ్యాట్రిక్స్‌లో ఉన్నవాళ్లు లిబెరాలో ఉన్నవాళ్లతో మాట్లాడే ఏర్పాటు కొంతకాలం నడిచింది. 2023లో అదీ ఆగిపోయింది. వంతెన మీదుగా వచ్చేవాళ్లు మళ్లీ ఏదో ఒక ఒడ్డు ఎంచుకోవలసి వచ్చింది.

మిగిలిన ఆధారాలు

ఇక చరిత్రకారుడి చిక్కుకు వద్దాం. పాత పుస్తకాల్లో, ప్రోగ్రాములతో వచ్చే సహాయ పత్రాల్లో ‘సందేహాలుంటే ఫ్రీనోడ్‌కు రండి’ అన్న వాక్యం ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. వెళితే అక్కడ అడిగేవాడూ ఉండడు, చెప్పేవాడూ ఉండడు. వేల రాత్రుల సంభాషణల్లో ఎవరో కొందరు దాచుకున్న లాగ్‌లు తప్ప మిగతావి లేవు. దాచినవాళ్లు ఏమి దాచారు, ఎందుకు దాచారు, ఏది వదిలేశారు అన్నవి మనం ప్రతి లాగ్‌నూ అడగవలసిన ప్రశ్నలు. కైఫీయతు రాయించిన కరణం తన వంశం సంగతి విపులంగానూ, ఎదుటివాడి సంగతి ఒక్క వాక్యంలోనూ రాయించినట్లే, రాజీనామా లేఖలన్నీ భద్రంగా ఉన్నాయి. కదలకుండా ఉండిపోయినవాళ్లు ఏమనుకున్నారో చెప్పే కాగితాలు తక్కువ.

అభ్యాసం: మీరు సభ్యులుగా ఉన్న ఏదైనా ఒక వాట్సాప్ లేదా టెలిగ్రాం బృందాన్ని తీసుకోండి. దానిని ఎవరు, ఎప్పుడు మొదలుపెట్టారు, అడ్మిన్ హక్కులు ఎవరి చేతుల్లో ఉన్నాయి, పాత సందేశాలు ఎవరి ఫోన్లలో మిగిలాయి అన్నవి కనీసం ఇద్దరు సభ్యులను విడివిడిగా అడిగి, రెండు పుటల్లో రాయండి. ఇద్దరి మాటలు కలవని చోట రెండింటినీ రాయండి.