ఎరువుల మిశ్రమంలో రేణువుల పరిమాణమే కీలకం

బస్తాపై ముద్రించిన పోషకాలు పొలమంతటా సమానంగా అందినప్పుడే ఎరువులపై రైతు పెట్టిన పెట్టుబడికి ఫలితం దక్కుతుంది. రెండు, మూడు రకాల ఎరువులను కలిపి చల్లేటప్పుడు ఈ సమానత్వం తరచుగా దెబ్బతింటుంది. రేణువుల పరిమాణంలోని వ్యత్యాసమే ఇందుకు ప్రధాన కారణం.

కాంప్లెక్స్ ఎరువులలో నిర్దేశిత పోషకాలన్నీ ప్రతి గుళికలోనూ ఇమిడి ఉంటాయి. విడి ఎరువులను కలిపిన మిశ్రమంలో మాత్రం ఏ గుళికకు ఆ గుళికే వేరు. ఉదాహరణకు 50 కిలోల డి.ఎ.పి., 45 కిలోల యూరియా, 25 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కలిపితే 120 కిలోల మిశ్రమంలో 29.7 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం, 15 కిలోల పొటాష్ ఉంటాయి. అయితే ప్రతి పిడికిలిలోనూ ఇదే నిష్పత్తి ఉంటుందని చెప్పలేము.

వేరుపడే తీరు

బియ్యం బస్తాను కుదిపితే నూకలు అడుగుకు చేరినట్లే, రవాణా కుదుపులకు సన్న రేణువులు పెద్ద గుళికల సందులలో నుండి కిందికి జారుతాయి. కుప్పగా పోసినప్పుడు సన్నవి నడుమ నిలిచి, పెద్దవి అంచులకు దొర్లుతాయి. సాంద్రత, ఆకారాల ప్రభావం దీనికంటే తక్కువ. చల్లేటప్పుడు పెద్దవి, బరువైనవి దూరంగానూ, సన్నవి, తేలికైనవి దగ్గరగానూ పడతాయి. తిరిగే పళ్లెం గల యంత్రంతో చల్లినప్పుడు ఈ తేడా మరింత పెరుగుతుంది. ఫలితంగా పైరులో ముదురు, లేత ఆకుపచ్చ చారలు ఏర్పడవచ్చును.

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం డి.ఎ.పి.లో 90 శాతం రేణువులు 1 నుండి 4 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో కనీసం 65 శాతం 0.25 నుండి 1.7 మిల్లీమీటర్ల మధ్య ఉంటే చాలు. కనుక విడివిడిగా ప్రమాణాలకు లోబడిన ఎరువులు సైతం ఒకదానితో ఒకటి పొసగకపోవచ్చును.

తేమతో చిక్కు

30 డిగ్రీల సెల్సియస్ వద్ద యూరియా సుమారు 75 శాతం, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 84 శాతం గాలి తేమ దాటిన తరువాతనే తడిని పీల్చుకుంటాయి. రెండూ కలిస్తే ఈ హద్దు సుమారు 60 శాతానికి పడిపోతుంది. ఖరీఫ్ వర్షాల రోజులలో కలిపి నిల్వ ఉంచిన మిశ్రమం అందువలననే గడ్డకడుతుంది.

నమూనా సేకరణ

బస్తా పైభాగం నుండి మాత్రమే తీసిన నమూనా మొత్తం సరుకుకు ప్రతినిధి కాజాలదు. నమూనా గొట్టాన్ని బస్తాలో ఒక మూల నుండి ఎదుటి మూలకు ఏటవాలుగా దించాలన్న నిబంధన అందుకే ఉన్నది. దీనిని పాటించనిచో మంచి సరుకు నాసిరకంగా తేలవచ్చును, నాసిరకం తప్పించుకొననూ వచ్చును.

రైతులకు సూచనలు

* గుళికల పరిమాణం దాదాపు సమానంగా ఉన్న ఎరువులనే కలపాలి. లేనిచో వేటికవి విడిగా చల్లాలి.
* కలిపిన మిశ్రమాన్ని అదే రోజు వాడాలి.
* సగం ఎరువును పొలం నిడివి వెంట, మిగతా సగాన్ని అడ్డంగా చల్లాలి.
* యంత్రం వాడేవారు అది చల్లే వెడల్పు పొడవునా తట్టలు వరుసగా ఉంచి, ఏ తట్టలో ఏ రంగు గుళికలు ఎంత పడినవో ముందుగా సరిచూచుకోవాలి.

అదనపు ఖర్చు లేని ఈ జాగ్రత్తలను విత్తుకు ముందే రైతు సోదరులకు తెలియజేయవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.