బావి ఉండగానే

మాస్కు ముఖానికి అమరాలంటే ముందు గడ్డం నున్నగా గీసుకోవాలి. చెంప మీద మొలిచిన నాలుగు వెంట్రుకల సందు చాలు, దుమ్ము లోపలికి పోవడానికి. తర్వాత ముఖానికి తగ్గ సైజు ఎంచి, పట్టీలు బిగించి, దగ్గర్లో ఘాటైన పొగ వదిలి చూస్తారు. దగ్గు వచ్చిందా, అది అమరనట్టే. వడపోత డబ్బాలు ఎప్పుడు మార్చాలి, బూట్లు ఎక్కడ కడగాలి, పని బట్టలతో ఇంటికెళ్లి పిల్లల్ని ఎందుకు ఎత్తుకోకూడదు, జతగాడిని కనుచూపు దాటనివ్వకుండా ఎలా పనిచేయాలి. విషవ్యర్థాలు ఎత్తే మనిషికి అమెరికా చట్టం 40 గంటల పాటు నేర్పించమన్నది ఇలాంటి విషయాలే. ఆ పైన 3 రోజులు అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో పని. ఏటా మళ్లీ 8 గంటలు.

ఈ పాఠం వెనక కాలిన ఊపిరితిత్తులున్నాయి. 1980 ఏప్రిల్ 21 రాత్రి న్యూజెర్సీలోని ఎలిజబెత్ పట్టణంలో కెమికల్ కంట్రోల్ అనే కంపెనీ ఆవరణ అంటుకుంది. వేల డ్రమ్ముల రసాయన వ్యర్థాలు పేలుతూ, పైకెగురుతూ కాలాయి. ఏ డ్రమ్ములో ఏముందో తెలియకుండానే అగ్నిమాపక సిబ్బంది ఆ మంటల్లోకి నడిచారు. అప్పటికే నయాగరా జలపాతం పక్కన లవ్ కెనాల్‌లో, పాతిపెట్టిన రసాయనాలు ఇళ్ల కిందికి ఊరి, కుటుంబాలు ఊరు వదిలిపోయాయి. ఆ ఏడాది డిసెంబరులోనే 'సూపర్‌ఫండ్' చట్టం వచ్చింది. విషం పూడ్చిన చోట్లను శుభ్రం చేయడానికి ఒక నిధి ఏర్పడింది. మరి శుభ్రం చేసే చేతుల సంగతి? దానికి ఇంకో ఆరేళ్లు పట్టింది.

ఆ ఆరేళ్లూ ఊరుకోని వాళ్లలో టోనీ మజోకీ ముందుంటారు. న్యూయార్క్ శ్రామిక కుటుంబంలో పుట్టి, రెండో ప్రపంచయుద్ధంలో పోరాడి వచ్చి, చమురు, రసాయన, అణు కార్మికుల సంఘంలో నాయకుడయ్యారు. 1970 నాటి కార్మిక భద్రతా చట్టం వెనక ఆయన కష్టం చాలా ఉంది. కార్మికుడికి తన ఒంట్లోకి ఏం పోతోందో తెలుసుకునే హక్కుందని ఊరూరా తిరిగి చెప్పిన మనిషి. చివరికి 1986 అక్టోబరులో సూపర్‌ఫండ్ చట్టాన్ని సవరించినప్పుడు ఈ శిక్షణ అందులోకి ఎక్కింది. డబ్బు ప్రభుత్వానిది. పంచేది నార్త్ కరొలైనాలోని జాతీయ పర్యావరణ ఆరోగ్య విజ్ఞాన సంస్థ. తీసుకునేది లాభాపేక్ష లేని సంఘాలూ విశ్వవిద్యాలయాలూ.

నాకు ఈ ఏర్పాటులో అన్నిటికంటే గొప్పగా తోచేది పాఠం చెప్పేవాళ్ల ఎంపిక. క్రేన్ నడిపిన చేత్తోనే క్రేన్ నడిపేవాడికి చెప్పించారు. గొట్టం పట్టి మంటలార్పినవాడు తోటి అగ్నిమాపకుడికి చెప్పాడు. ఇక సూపర్‌ఫండ్‌లో పెద్ద వాటా చమురు, రసాయన కంపెనీల మీద వేసిన పన్నుల నుంచే వచ్చేది. అంటే విషం తయారుచేసినవాడి సొమ్ముతో విషం ఎత్తేవాడికి చదువు. ఇంత న్యాయమైన లెక్క ప్రభుత్వాలు తరచుగా వేయవు. ఆ పన్నుకు 1995 ఆఖరుతో గడువు తీరింది. దాన్ని మళ్లీ వేయడానికి పాతికేళ్లు దాటింది. శిక్షణ మాత్రం ఆగలేదు. వేల మంది శిక్షకులు తయారయ్యారు. దేశం సిద్ధంగా ఉందనే అనిపించింది.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో రెండు గోపురాలు కూలాయి. సిమెంటు, జిప్సం, గాజుపీచు, ఆస్‌బెస్టాస్, సీసం అన్నీ నలిగి పొడై మాన్‌హటన్ కొస మీద పరుచుకున్నాయి. గొంతును సున్నంలా కోసే క్షారపు దుమ్ము అది. శిథిలాల అడుగున మంటలు డిసెంబరు దాకా రగులుతూనే ఉన్నాయి.

మొదటి గంటల్లో మాస్కు లేదని ఎవర్నీ తప్పుపట్టలేం. రాళ్ల కింద ప్రాణమున్న మనిషి ఉన్నాడేమోనని పరిగెత్తినవాళ్లు వాళ్లు. బకెట్లు చేతులు మారుస్తూ వరుసకట్టినప్పుడు మాట్లాడుకోవాలి, అరవాలి, మధ్యలో అంతా నిశ్శబ్దమై కింద నుంచి మూలుగేదైనా వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గాలి. రెస్పిరేటర్ తగిలించుకుంటే మాట బయటికి రాదు. తీసి మెడలో వేలాడేసుకున్నారు. వారాలు గడిచి, బతికున్నవాళ్లు దొరకరని తెలిశాక కూడా అది చాలామంది మెడల్లోనే వేలాడింది.

మనసు మెలిపెట్టేది ఇక్కడే. ఇల్లు కాలాక బావి తవ్వడం మనకు తెలిసిన సామెత. అక్కడ బావి పదిహేనేళ్ల ముందే తవ్వి ఉంది. నీళ్లూ ఉన్నాయి. భారీ యంత్రాలు నడిపేవారి సంఘం శిక్షకులు ఇదే పథకం కింద తయారైనవాళ్లు. సామాను వేసుకుని వచ్చారు, వేలమంది ముఖాలకు మాస్కులు అమర్చి చూశారు. భద్రతా సంస్థ ఓషా లక్షకు పైగా రెస్పిరేటర్లు పంచింది. కానీ పెట్టుకోనివాణ్ణి ఆపే అధికారం తనకుండీ వాడలేదు. సలహా ఇచ్చే పాత్రకే పరిమితమైంది. అదే రోజు దెబ్బతిన్న పెంటగాన్ శిథిలాల దగ్గర మాత్రం నిబంధనలు అమలుచేశారు. న్యూయార్క్ స్థలంలో దిగే ప్రతివాడూ తప్పనిసరిగా భద్రతా పాఠం వినాలన్న నియమం రావడానికి రెండు నెలలు దాటింది. అదీ 40 గంటలు కాదు, కొద్ది గంటలే.

ఈలోగా సెప్టెంబరు 18న పర్యావరణ పరిరక్షణ సంస్థ అధిపతి క్రిస్టీన్ టాడ్ విట్మన్ న్యూయార్క్ గాలి పీల్చడానికి క్షేమమేనని ప్రకటించారు. అంత గట్టిగా చెప్పడానికి తగిన ఆధారాలు అప్పటికి లేవని ఆ సంస్థ సొంత తనిఖీ అధికారే 2003 ఆగస్టులో తేల్చారు. అంత పెద్ద కుర్చీ గాలి మంచిదంటుంటే, చెమటకు తడిసి ఊపిరాడనివ్వని రబ్బరు తొడుగును 12 గంటల షిఫ్టులో ఎవరు భరిస్తారు? శిక్షకుడి మాట ఆ ఒక్క వాక్యం ముందు ఓడిపోయింది.

చుట్టుపక్కల ఆఫీసులూ ఇళ్లూ తుడిచిన రోజుకూలీలకైతే ఆ శిక్షకుడి ముఖం కూడా కనిపించలేదు. చాలామంది లాటిన్ అమెరికా నుంచీ పోలండ్ నుంచీ వచ్చిన వలస జనం. తడిగుడ్డలతో, చీపుళ్లతో ఆ దుమ్ము ఎత్తారు. దగ్గుతో ఆస్పత్రికి వెళ్లడానికి వాళ్లలో కొందరికి కాగితాలు కూడా లేవు.

పని 2002 మే 30న ముగిసింది. 18 లక్షల టన్నుల శిథిలాలు తరలించారు. అంత ప్రమాదకరమైన చోట ఆ తొమ్మిది నెలల్లో ఒక్క కార్మికుడూ ప్రమాదంలో చనిపోలేదని గర్వంగా చెప్పుకున్నారు. ఆ మాట నిజమే. దగ్గు మాత్రం మిగిలింది. 2006 జనవరిలో పోలీసు డిటెక్టివ్ జేమ్స్ జడ్రోగా 34 ఏళ్లకే పోయారు. ఆ శిథిలాల మీద వందల గంటలు పనిచేసిన మనిషి. ఆయన పేరిట వైద్యసాయం చట్టం మీద 2011 జనవరి 2న సంతకం పడేసరికి గోపురాలు కూలి తొమ్మిదేళ్లు దాటింది.

తెలియక జరిగిన చావులను దురదృష్టం అంటాం. ఇక్కడ తెలుసు. నేర్పేవాళ్లు ఉన్నారు, మాస్కు ఉంది, చట్టం ఉంది. ఆజ్ఞ ఇవ్వాల్సిన నోరు పెగల్లేదు. దీన్ని నేను దురదృష్టం అనలేను.

గోపురాలు కూలిన రోజున న్యూయార్క్ అగ్నిమాపక శాఖలో చనిపోయినవారు 343 మంది. ఆ తర్వాత అక్కడి గాలి వల్ల వచ్చిన జబ్బులతో చనిపోయిన ఆ శాఖవారి లెక్క 2023 సెప్టెంబరులో సరిగ్గా 343కు చేరింది. తర్వాత దాన్ని దాటింది.