చంచల బాలుడును ఔషధమును

బాలుడు నిలుకడలేక తిరుగుచు, పాఠమున మనస్సు నిలుపలేకున్నచో, మన గృహములందు వినవచ్చు తీర్పులు రెండే: వానికి భయము లేదనుట, తల్లి గారాబమున చెడినాడనుట. ఈ నింద మన దేశమునకే పరిమితము కాదు. 1902లో లండను రాజవైద్య కళాశాలయందు జార్జి స్టిల్ అను శిశువైద్యుడు, తెలివికి కొరత లేకున్నను నిగ్రహము కొరవడిన పిల్లలను గూర్చి ఉపన్యసించెను. పెంపకమునందే గాక శరీరమునందును ఇందులకు కారణముండవచ్చునని ఆయన యూహించెను. అయినను ఆ స్థితికి ఆయన వాడిన పేరు 'నైతిక నిగ్రహలోపము'. పేరులోనే నింద నిలిచిపోయినది.

మెదడువాపు వ్యాధిచే వికలాంగురాలైన ఎమ్మా అను బాలిక పేర, ఆమె తల్లిదండ్రుల యాస్తితో, 1931లో అమెరికాయందలి రోడ్ ఐలండు రాష్ట్రమున బ్రాడ్లీ చికిత్సాలయము వెలసెను. అచటి వైద్యుడు చార్లెస్ బ్రాడ్లీ, పరీక్షలవలన కలిగిన తలనొప్పిని మాన్పదలచి పిల్లలకు బెంజిడ్రిన్ ఇచ్చెను. నొప్పికి గుణము స్వల్పమే. కాని కొందరు పిల్లలు చదువున కుదురుకొనిరి. ఉత్తేజకరమగు మందు చంచలుని శాంతపరచుట వింతయే కదా! 1937లో ఆయన ప్రకటించిన వ్యాసము ననుసరించి, 30 మందిలో 14 గురు చదువున ఆశ్చర్యకరముగా అభివృద్ధి చెందిరి. తక్కినవారికి అంతటి మేలు కలుగలేదు.

చదువరులు గమనింపదగినది మందు మాత్రమే కాదు. ఆ పిల్లలు రేయింబవళ్లు వైద్యుల కన్నులయెదుటనే యుండిరి. బడియు చికిత్సాలయమందే యుండెను. మందునకు ముందును, మందు వాడునపుడును, మానిన పిదపను వారి నడవడి పరిశీలింపబడెను. ఆ పరిశీలన లేనిచో ఈ సత్యము బయటపడియుండదు.

1999లో అమెరికాయందు ప్రకటితమైన పరిశోధన దీనినే స్థిరపరచినది. 579 మంది పిల్లలను 14 నెలలు పరీక్షింపగా, మోతాదును సరిచూచుచు నెలనెల విచారించిన చికిత్స, ఊరి వైద్యుల సామాన్య చికిత్సకంటె మిన్నయని తేలెను. ఆ రెండవ తెగలోని పిల్లలలో పెక్కుమంది కూడ అట్టి మందులనే వాడుచుండిరి! భేదము మందున గాక కనిపెట్టి చూచుటయం దున్నది.

నేడీ స్థితిని ఏ.డి.హెచ్.డి. అందురు. దీనిని నిర్ణయింపగల రక్తపరీక్ష లేదు. లక్షణములు 12 ఏండ్లకు ముందే పొడసూపి, ఇంటను బడియందును గూడ ఆరుమాసములైన నిలిచియుండవలెను. చూపు, వినికిడి, నిద్ర, ఇంటిలోని కలతలు మొదలగువానిని ముందు విచారింపవలెను. ఆరేండ్లలోపు పిల్లల విషయమున తల్లిదండ్రులకు శిక్షణమే ప్రథమ చికిత్స. మందు వాడినచో ఆకలి, నిద్ర, ఎత్తు, బరువు, గుండెవేగము చూచుచుండవలెను.

కావున మందు పేరు వినినంతనే భయపడి బిడ్డను బెత్తమున కప్పగించుటయు, ఉపాధ్యాయుడు విసుగుకొన్నంతనే మాత్ర మ్రింగించుటయు మాకు సమ్మతములు కావు. రెండును బిడ్డను చూడకయే తీర్పు చెప్పుటయే. తల్లియు, తండ్రియు, గురువును తాము చూచినదానిని చూచినట్లు వ్రాసి వైద్యుని యెదుట నుంచుదురు గాక. నిర్ణయ మేదైనను అచటనుండియే ఆరంభము కావలెను.