నారుమడి

నారుమడి అంటే వరి, మిరప, వంగ, పొగాకు వంటి పైర్ల విత్తనాలను ఒత్తుగా చల్లి, పొలంలో నాటేందుకు నారు పెంచే చిన్న మడి. ఎకరా వరికి సాధారణంగా 5 సెంట్ల (సుమారు 200 చదరపు మీటర్ల) మడి, 20–25 కిలోల విత్తనం కావాలి. విత్తనాన్ని 24 గంటలు నానబెట్టి, మరో 24 గంటలు మండెకట్టి, మొలకెత్తాక దమ్ము చేసిన మడిలో చల్లుతారు. మెలకువంతా నీటి యాజమాన్యంలోనే ఉంది: మొదటి ఆకు విచ్చుకునే వరకు ఆరుతడులు, తరువాత పలచగా నిలవనీరు. 25–30 రోజులకు నారు తీస్తారు. ముదురు నారు నాటితే పిలకలు తగ్గుతాయి. శ్రీ (SRI) అనే వరిసాగు పద్ధతిలో ఎకరాకు 1 సెంటు మడి, 2 కిలోల విత్తనం చాలు; 8–12 రోజుల లేతనారునే నాటుతారు. ఆలోచనలు, ప్రతిభ ఎదిగే చోటుకూ పత్రికాభాషలో నారుమడి అనే మాట వాడతారు.