దీర్ఘవ్యాధుల నివారణ: కరీబియన్ దీవులు నేర్పిన పాఠం, ఉద్దానం అడుగుతున్న ప్రశ్న



ఊరిలో కలరా సోకిందంటే అందరూ మేల్కొంటారు. బావులలో బ్లీచింగ్ పొడి వేస్తారు, ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరుగుతారు, పై అధికారులు వచ్చి చూసి వెళతారు. అదే ఒక మనిషి మూత్రపిండాలు పదేళ్లపాటు మెల్లమెల్లగా క్షీణిస్తుంటే ఎవరూ మేల్కొనరు. రోగికే ఆ సంగతి తెలియదు. మన ప్రజారోగ్య వ్యవస్థ చరిత్రను గమనిస్తే ఈ తేడాకు కారణం బోధపడుతుంది.

1946లో భోర్ కమిటీ నివేదిక వెలువడింది. 1952 నుండి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఏర్పడసాగాయి. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. మశూచి 1975 నాటికి మన దేశం నుండి నిష్క్రమించింది. ఇవి సామాన్యమైన విజయాలు కావు. అయితే ఆ వ్యాధులన్నిటికీ ఒక పోలిక ఉంది. కారణం ఒకటి, దానిని ఎదుర్కొనే ఆయుధం ఒకటి. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు, మూత్రపిండాల వ్యాధి అటువంటివి కావు. వీటికి పలు కారణాలు ఉంటాయి. ఆ కారణాలు ఆసుపత్రి గోడల వెలుపల, మన వంటింట్లో, పొలంలో, దుకాణంలో ఉంటాయి. కనుక వీటి నివారణకు వేరొక తరహా సంస్థలు అవసరమయ్యాయి.

ఆ అవసరాన్ని ముందుగా గుర్తించినవారిలో చిన్న చిన్న దీవుల ప్రజలు ఉన్నారు. వెస్టిండీస్ అనగానే మనకు క్రికెట్ గుర్తుకు వస్తుంది. ఆ దీవులలో మధుమేహం, రక్తపోటు తీవ్రంగా ప్రబలాయి. 2007 సెప్టెంబరు 15న ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో కరీబియన్ దేశాల ప్రభుత్వాధినేతలు కేవలం ఈ దీర్ఘవ్యాధుల గురించే సమావేశమై ఒక ప్రకటన చేశారు. పొగాకు, ఆహారం, వ్యాయామం అనేవి ఆరోగ్య మంత్రి ఒక్కరే చూసుకోవలసిన విషయాలు కావనీ, వ్యవసాయం, వాణిజ్యం, విద్య చూసే వారందరి బాధ్యత అనీ అందులో అంగీకరించారు.

మరుసటి సంవత్సరం, 2008లో, హెల్దీ కరీబియన్ కోయలిషన్ అనే పౌర సంస్థల సమాఖ్య ఏర్పడింది. బార్బడోస్‌కు చెందిన హృద్రోగ నిపుణుడు సర్ ట్రెవర్ హాసెల్ దానికి నాయకత్వం వహించారు. మధుమేహ సంఘాలు, గుండె సంఘాలు, క్యాన్సర్ సంఘాలు ఒకే గొడుగు కిందికి వచ్చాయి. రోగులకు మందులు పంచడం దాని ముఖ్యోద్దేశం కాదు. ప్రభుత్వాలు ఇచ్చిన మాటను గుర్తుచేస్తూ ఉండడమే దాని పని. 2011లో ఐక్యరాజ్యసమితి ఈ వ్యాధులపై ఉన్నతస్థాయి సమావేశం జరపడానికి కరీబియన్ దేశాల పట్టుదల ఒక ముఖ్య కారణం. 2015లో బార్బడోస్ తీపి పానీయాలపై 10 శాతం పన్ను విధించింది. అన్ని హామీలూ నెరవేరలేదు. అయినా అడిగేవారు ఉన్నందువల్ల ఆ ప్రకటన అటకెక్కలేదు.

మన దేశంలో 2010లో క్యాన్సర్, మధుమేహం, గుండెజబ్బులు, పక్షవాతం నివారణకు జాతీయ కార్యక్రమం ప్రారంభమైంది. దాని పేరులో మూత్రపిండాల వ్యాధికి చోటు లేదు. అప్పటికే మన పొరుగున ఆ వ్యాధి ఎందరి ప్రాణాలనో హరిస్తున్నది.

మన గరివిడి మీదుగా పోయే రైలు మార్గమే పలాస, సోంపేట, ఇచ్ఛాపురం చేరుతుంది. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన ఆ నేలకు 'ఉద్యానం' అన్న మాట నుండి ఉద్దానం అనే పేరు వచ్చిందంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో మధుమేహం గాని, రక్తపోటు గాని లేని రైతులకూ కూలీలకూ మూత్రపిండాలు చెడిపోతున్న సంగతి 1990ల నాటికి వైద్యుల దృష్టికి వచ్చింది. ఈ వ్యాధిలో కాళ్ల వాపు, మూత్రంలో నురుగు తొలిదశలో సాధారణంగా కనిపించవు. మూత్రంలో మాంసకృత్తులు పోవడం కూడా తక్కువే. అందువల్ల నీరసం, ఆకలి మందగించడం వంటి బాధలతో రోగి వైద్యుని వద్దకు వచ్చేసరికి మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి.

ఆచార్య టి. రవిరాజు బృందం 2019లోనూ, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2020లోనూ ప్రచురించిన అధ్యయనాలు ఇంచుమించు ఒకే మాట చెప్పాయి. అక్కడ పరీక్షించిన పెద్దలలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ వ్యాధి ఉంది. అందులో అధిక భాగానికి తెలిసిన కారణమేదీ లేదు. తాగునీటిలోని ఖనిజాలు, పురుగుమందులు, ఎండలో శ్రమ వల్ల శరీరంలో నీరు తగ్గడం, నొప్పి మాత్రల అతివాడకం, వంశపారంపర్యం అన్నీ అనుమానితులే. దోషి ఎవరో ఇంకా తేలలేదు.

ప్రభుత్వాలు చేసినది తక్కువేమీ కాదు. ఆ ప్రాంతంలోనే డయాలసిస్ కేంద్రాలు వెలిశాయి. 2019 నుండి డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను అందింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, హిరమండలం జలాశయం నుండి నీరు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం ప్రారంభమయ్యాయి. వీటిని కాస్త పరిశీలనగా చూడండి. నీటి పథకం, పరిశోధన మినహా తక్కినవన్నీ జబ్బుపడిన వారి కొరకే. అవి అత్యవసరం, కాదనను. కాని రేపు జబ్బుపడబోయే యువ రైతు వాటిలో ఎక్కడా కనబడడు.

కారణం తెలియనిదే నివారణ ఎట్లా అని మీరు అడగవచ్చు. 1854లో లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు ఒక నీటి పంపు పిడిని తీయించారు. కలరా క్రిమిని కోఖ్ వెలికితీసి నిరూపించడానికి అప్పటికి ఇంకా దాదాపు ముప్పై ఏళ్లుంది. మన కాలంలోనే మరో ఉదాహరణ ఉంది. మధ్య అమెరికాలోని నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాలలో చెరకు కూలీలకు ఇటువంటి వ్యాధే వస్తున్నది. అక్కడ లా ఇస్లా అనే సంస్థ ఎండలో పనిచేసేవారికి తాగునీరు, విరామం, నీడ కల్పించాలని పట్టుబట్టి, చక్కెర మిల్లులతో కలిసి దానిని అమలు చేయిస్తున్నది. ఉద్దానం వ్యాధీ, అక్కడి వ్యాధీ ఒకటేనని నేను చెప్పడం లేదు. ఈ మూడు జాగ్రత్తల వల్ల ఎవరికీ నష్టం లేదని మాత్రం చెప్పగలను.

ఆసుపత్రి భవనం ఒకసారి కడితే నిలుస్తుంది. నివారణ అట్లా కాదు, దానిని ఏటేటా కొత్తగా చేయాలి. ఈ ఏడాది ఎందరికి క్రియాటినిన్ పరీక్ష జరిగింది, కొత్తగా ఎందరికి వ్యాధి బయటపడింది, ఏ ఊరికి శుద్ధమైన నీరు నిలకడగా అందుతున్నది అని లెక్క అడిగే పౌర సంఘం ఉండాలి. రైతు సంఘాలు, మహిళా పొదుపు సంఘాలు, ఉపాధ్యాయులు, విశ్రాంత వైద్యులు కలిస్తే అది అసాధ్యం కాదు. కరీబియన్ దీవులవారు చేసినది అదే.

అంతవరకు మీ చేతిలో ఉన్నది మీరు చేయండి. ముప్పై ఏళ్లు దాటినవారు ఏడాదికొకసారి రక్తపోటు, చక్కెర, క్రియాటినిన్, మూత్ర పరీక్షలు చేయించుకోండి. ఒళ్లు నొప్పులకు మందుల దుకాణంలో అడిగి మాత్రలు వేసుకునే అలవాటు మానండి. పొలానికి వెళ్లేటప్పుడు నీళ్లు వెంట తీసుకువెళ్లి తరచుగా తాగండి, మిట్టమధ్యాహ్నం నీడపట్టున ఉండండి. ఇప్పటికే మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఎన్ని నీళ్లు తాగాలో మీ వైద్యుని అడిగి తెలుసుకోండి.